పూత మీద కొట్టిన మందు

బెళుగుప్ప,
3 జూన్ 2024.

గోవిందప్పా,

కాగితం చూసి అక్కకు ఏమైందోనని కంగారు పడకు. నేను బాగున్నాను. ఫోను కూడా బాగానే పనిచేస్తోంది. కానీ ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. నేను గుమ్మడి అనగానే నువ్వు మందు పేరు చెబుతావు. వద్దంటే గొంతు పెంచుతావు. మొన్న మధ్యలో పెట్టేసింది అందుకే. కాగితం మీద నువ్వు నాకు అడ్డం రాలేవు. ఇక నుంచి ఏదైనా ఇలాగే. కుళ్లాయప్ప ఆటో రోజూ కళ్యాణదుర్గం వస్తుంది కదా, నీ అంగడి ముందే ఆపుతాడు. అతని చేతికిస్తాను.

అంగన్‌వాడీ ఉద్యోగం నుంచి దిగిపోయాక, ఇంటి వెనక దొడ్డి ఖాళీగా పడి ఉండటం చూడలేక గుమ్మడి గింజలు పెట్టానని చెబితే నవ్వావు. "చెనిక్కాయే ఎండిపోయే నేలలో గుమ్మడి యాడ వస్తాదక్కా" అన్నావు. వచ్చింది. ప్రతి గుంత పక్కన ఒక పాత కుండ పూడ్చి, అడుగున చిల్లు పెట్టి గుడ్డ పీలిక దూర్చాను. బియ్యం కడిగిన నీళ్లూ, కూరలు కడిగిన నీళ్లూ అందులో పోస్తే వేరు తాగుతుంది, ఎండ తాగదు. పాదులన్నీ రెండేసి ఆకులు వేశాయి.

అసలు సంగతి ఏమిటంటే, ఎర్ర పెంకు పురుగులు దిగాయి. లేత ఆకులను జల్లెడ చేస్తున్నాయి. పొద్దున్నే చల్లపూట అవి మందకొడిగా ఉంటాయి కాబట్టి అప్పుడే చేత్తో ఏరి సబ్బునీళ్లలో వేస్తున్నాను. ఆకులు తడిపి పొయ్యిలో బూడిద చల్లుతున్నాను. నీ మందుల అంగట్లో వేపనూనె ఉంటే ఒక సీసా పంపు. వేపనూనె మాత్రమే.

ఈ కాయలు అమ్ముకోవడానికి కాదు. నా తర్వాత సెంటర్ చూసుకుంటున్న రెబెకా, పిల్లలకు వండిపెడతానంది. నీ భార్యను అడిగానని చెప్పు.

అక్క,
హనుమక్క


కళ్యాణదుర్గం,
7 జూన్.

అక్కా,

ఆటో ఎక్కితే చేరే దూరంలో ఉండి కాగితాలు రాసుకునే అక్కాతమ్ముళ్లం మనమే అయి ఉంటాం. కుళ్లాయప్ప కవరు ఇస్తుంటే అంగట్లో ఉన్న రైతులు కోర్టు నోటీసు అనుకున్నారు. సుజాత మాత్రం నీ పక్షమే. "వదిన మంచి పని చేసింది. ఇట్లయినా మీకు వినేది అలవాటైతాది" అని ఒకటే నవ్వు. పెళ్లాం కూడా అక్కతో కలిసిపోతే నేనెక్కడికి పోవాలి?

వేపనూనె లేదు. అడిగేవాళ్లు లేక తెప్పించడం మానేశాను. దాని బదులు వేరే సీసా పంపుతున్నాను. కొత్తగా వచ్చింది. పంపుకు ఒక్క మూత చాలు, సాయంత్రానికి పెంకు పురుగు రాలిపోతుంది. నేను సొంత అక్కకు చెడ్డది పంపుతానా? ఈ చుట్టుపక్కల సగం చేలు నా సీసాల మీదే నిలబడి ఉన్నాయి. నువ్వేమో బూడిద చల్లుకుంటూ కూర్చున్నావు. "గోవిందప్ప మందు వాళ్లక్కే కొట్టదంట" అని నలుగురూ అంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?

మొండితనం మానుకో. కొట్టేటప్పుడు గాలికి ఎదురు నిలబడకు.

తమ్ముడు,
గోవిందప్ప


బెళుగుప్ప,
9 జూలై.

గోవిందప్పా,

సీసా తిప్పి పంపుతున్నాను. సీలు తియ్యలేదు, చూసుకో. నేను అడిగింది వేపనూనె. నీకు చదువు రాదని కాదు, అక్క మాటంటే లెక్కలేదు.

వేపగింజలు నేనే దంచుకున్నాను. జరిగింది చెబుతాను, నవ్వుకో. మొదటిసారి మరీ చిక్కగా కలిపి మిట్టమధ్యాహ్నం కొట్టాను. ఒక పాదు ఆకులు అప్పడాల్లా మాడిపోయాయి, పాదే పోయింది. ఆ తప్పు నాది, వేపది కాదు. రెండోసారి పల్చగా చేసి, గుడ్డలో వడగట్టి, రవ్వంత సబ్బు కలిపి పొద్దు వాలాక చల్లాను. మిగిలిన పాదులు గోడ దాకా పాకాయి. ఆకుల మీద బూడిద తెగులు మచ్చలు కనిపిస్తే బాగా పులిసిన మజ్జిగ నీళ్లలో కలిపి కొట్టాను. మచ్చలు అంతకుమించి పెరగలేదు.

ఇప్పుడు పూత. ముందు మగపూలు వచ్చాయి. ఇప్పుడు ఆడపూలు, ఒక్కోదాని కింద గోలీ అంత పిందె. పొద్దున్నే తేనెటీగలు వస్తున్నాయి. ఈ ఎండిన చోటుకు ఎక్కడి నుంచి వస్తాయో! రెబెకా పిల్లలను తెచ్చి చూపించింది. ఒళ్లంతా పుప్పొడితో బయటికొచ్చిన తేనెటీగను చూసి ఒక పిల్ల "దీనికి పసుపు పూసినారా అవ్వా?" అని అడిగింది.

పని మాత్రం తెమలడం లేదు. నడుం పట్టేసింది. ఈ పురుగులతో చస్తున్నాననుకో. సోమవారం కంటి పరీక్షకు అనంతపురం పోతున్నాను, బుధవారం తిరిగి వస్తాను. దొడ్డి తాళం చెవి రెబెకా దగ్గర ఉంటుంది, కుండల్లో నీళ్లు తనే పోస్తుంది.

హనుమక్క


కళ్యాణదుర్గం,
12 జూలై.

అక్కా,

"చస్తున్నాను" అని రాశావు. నోరు తెరిచి సాయం అడిగే మనిషివి కాదు నువ్వు. ఆ మాట నీ చేత రాయించిందంటే ఎంత కష్టమో నాకు అర్థమైంది. కన్ను బాగా చూపించుకో. నువ్వు తిరిగొచ్చేసరికి దొడ్డి బాధ తీరిపోయి ఉంటుంది. ఏమిటని ఇప్పుడే అడగకు.

గోవిందు


బెళుగుప్ప,
19 జూలై.

గోవిందప్పా,

నీ కాగితం చదివి నువ్వు నీళ్ల డ్రమ్ము పంపుతున్నావనుకున్నాను. దాన్ని ఏ మూల పెట్టాలా అని బస్సులో దారి పొడుగునా ఆలోచిస్తూ వచ్చాను. తమ్ముడు అర్థం చేసుకున్నాడు, దొడ్డికి కావలసింది నీళ్లేనని ఇన్నాళ్లకు తెలుసుకున్నాడు అనుకున్నాను.

వీధి మొదట్లోనే వాసన తగిలింది. గేటు తీసి ఉంది. నీ అంగట్లో పనిచేసే ఓబులేష్ గోడకు ఆనుకుని కూలబడి ఉన్నాడు. మందు పంపు ఇంకా వీపు మీదే ఉంది. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. చొంగ కారుతోంది, పక్కన వాంతి. చేతులకు తొడుగులు లేవు, ముక్కుకు గుడ్డ లేదు. "అక్కా, కండ్లు మసకైతాండాయక్కా" అన్నాడు. కంటిపాపలు సూదిమొన అంత అయిపోయాయి.

పంపు లాగేసి, చొక్కా చించేసి, తొట్టిలో నీళ్లన్నీ వాడి మీద గుమ్మరించి సబ్బుతో రుద్దాను. అవి పంచాయతీ వాళ్లు మళ్లీ నీళ్లు వదిలేదాకా నేను దాచుకున్నవి. రెబెకా పరుగున పోయి కుళ్లాయప్ప ఆటో తెచ్చింది. ఖాళీ సీసా, నేను తిప్పి పంపిన మందుదే, నా సంచిలో వేసుకున్నాను. కళ్యాణదుర్గం ఆసుపత్రిలో డాక్టరు మొదట అడిగిందే "ఏం మందు?" అని. సీసా చేతిలో పెట్టాను. సూది వేసి, అంబులెన్సులో అనంతపురం పంపించారు. నేను ఏ ఊరి నుంచి వచ్చి దిగానో ఆ ఊరికే మళ్లీ పోయాను. వాడి భార్య వచ్చేదాకా వాడి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నిన్న కళ్లు తెరిచాడు. బతికాడు.

రెబెకాతో "హనుమక్కే కొట్టమనింది" అని చెప్పి తాళం చెవి తీసుకున్నాడట. ఆ అబద్ధం వాడికి నేర్పింది నువ్వేనా?

ఇంటికొచ్చి చూస్తే తేనెటీగలు పూల లోపలే చచ్చిపడి ఉన్నాయి. పాదులన్నీ పీకేశాను, పిందెలతో సహా. ఊరి బయట లోతుగా గుంత తీసి పూడ్చేశాను. నా చేతుల మీద పెరిగిన పిల్లలకు అవి పెట్టను.

గేటుకు కొత్త తాళం వేశాను. నువ్వు రావద్దు.

హనుమక్క


కళ్యాణదుర్గం,
28 జూలై.

అక్కా,

నీకు మేలు చెయ్యబోయాను, అది నా తప్పు. "చస్తున్నాను" అని రాసింది నువ్వు. తాళం చెవి రెబెకా దగ్గర ఉంటుందని చెప్పింది నువ్వు. అడగలేక అడుగుతున్నావనుకోక నేను ఇంకేమనుకోవాలి? అవును, అక్కే కొట్టమందని చెప్పమన్నాను. లేకపోతే రెబెకా గేటు తియ్యదు.

తొడుగులు అంగట్లో ఉన్నాయి. వాడే తొందరపడి వదిలేసి పోయాడు. నేనేం పక్కన ఉన్నానా? కానీ నువ్వు ఆసుపత్రిలో అందరి ముందూ సీసా ఎత్తి చూపించావట. "గోవిందప్ప అంగడి మందు" అని ఊరంతా చెప్పావట. ఇప్పుడు అంగట్లోకి వచ్చినవాళ్లు ఏది అడిగినా, "అది ఓబులేష్‌ను పడగొట్టిన మందు కాదు కదా" అంటున్నారు. పాదులన్నీ పీకి ఊరి మధ్యలో నుంచి బండి మీద వేసుకుని పోయావట. నన్ను వీధిలో నిలబెట్టడానికి కాకపోతే ఎందుకు? ఊరికే ఎండబెట్టి ఉంటే సరిపోయేది కదా.

నేనూ రానులే. నీ తాళం నీ దగ్గరే ఉంచుకో.

గోవిందప్ప


బెళుగుప్ప,
6 ఆగస్టు.

గోవిందప్పా,

ఒక్కొక్కటిగా చెబుతాను, నిదానంగా చదువు.

సీసా చూపించకపోతే డాక్టరు ఏ మందుకు విరుగుడు ఇవ్వాలి? నేను నీ పరువు కాపాడుతూ కూర్చుంటే ఓబులేష్ బతికేవాడు కాదు. అదే పని మళ్లీ చెయ్యవలసి వస్తే మళ్లీ చేస్తాను. ఇంకా పైకెత్తి చూపిస్తాను.

ఊరంతా చెప్పింది నేను కాదు. వాడి భార్య ఆసుపత్రి వరండాలో గుండెలు బాదుకుని ఏడ్చింది. ఆమె నోరు మూయించమంటావా?

పీకిన తీగలను దొడ్లోనే ఎండబెడితే పక్కింటి మేకలు నోరు పెడతాయి. బండి మీద వేసుకుని పోయింది అందుకు. నీకు వీధి కనిపించింది, మేకలు కనిపించలేదు.

తొడుగులు అంగట్లో ఉంటే ఎవరికి లాభం? పంపించినవాడివి నువ్వు. వాడి చేతికి తొడిగి పంపవలసిందీ నువ్వే. ఓబులేష్ ఇంటికి ఒక్కసారైనా పోయావా? నీ కాగితంలో వాడెట్లా ఉన్నాడని ఒక్క ముక్క లేదు.

నేను ఓడిపోయాననుకోకు. పాత మట్టి తీసేసి, గొర్రెల మంద తోలిన చేను నుంచి ఎరువు మోయించుకుని, వేపపిండి కలిపి కొత్త చోట గుంతలు తీశాను. నిన్ననే మళ్లీ గింజలు పెట్టాను. ఈసారి గోడవతల కూడా పెట్టాను. దారిలో పోయేవాళ్లందరికీ కనిపించాలి.

హనుమక్క


కళ్యాణదుర్గం,
14 అక్టోబర్.

అక్కా,

ఇన్నాళ్లూ రాయలేదు.

ఓబులేష్ ఇంటికి పోయాను. ముందు వాకిట్లో నిలబడి తిరిగి వచ్చేశాను. మర్నాడు సుజాత వెంట వచ్చి లోపలికి తోసింది. వాడు లేచి మంచినీళ్లు ఇచ్చాడు. చెంబు పట్టుకుంటే చేతులు ఇంకా వణుకుతున్నాయి, సగం నీళ్లు కింద పోయాయి. "ఏం లేదన్నా, తగ్గిపోతాది" అని వాడే నాకు ధైర్యం చెప్పాడు. అంగట్లో కూర్చుని చేసే పని చూడమన్నాను. వస్తున్నాడు.

నీ రెండో పంట బాగుందని కుళ్లాయప్ప చెప్పాడు. పిందెలకు పండు ఈగ తగులుతోందని కూడా చెప్పాడు. కోప్పడకుండా విను, ఇది మందు కొట్టేది కాదు. లింగాకర్షక బుట్టలు పంపుతున్నాను. లోపల ఎర బిళ్ల ఉంటుంది. ఆ వాసనకు మగ ఈగలు వచ్చి బుట్టలో పడి చస్తాయి. తేనెటీగ దాని దగ్గరికి పోదు. ఈగ కుట్టి కుళ్లిన పిందెలను పాదు కింద వదలకు. ఏరి కవరులో మూట కట్టి ఎండలో పెట్టు. ఇన్నేళ్ల అంగడిలో నాకు ఇది కూడా తెలుసు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

ఇంకొక మాట. వచ్చే నెల పదో తేదీన మీ ఊళ్లో కంపెనీ వాళ్లు రైతుల మీటింగు పెడుతున్నారు, నా అంగడి పేరు మీద. అదే మందు. ఓబులేష్ సంగతి వాళ్లకు తెలుసు, మాట్లాడొద్దన్నారు. నీ కాళ్లు పట్టుకుంటాను, ఆ రోజు నువ్వు రాకు.

గోవిందు


బెళుగుప్ప,
18 అక్టోబర్.

గోవిందప్పా,

బుట్టలు కట్టాను. పొద్దునకల్లా అడుగు నిండా ఈగలు. మంచి వస్తువు పంపావు. లేత పిందెలకు పాత చీర గుడ్డతో సంచులు కూడా తొడిగాను.

మీటింగుకు వస్తాను. ముందు వరుసలో కూర్చుంటాను.

హనుమక్క


కళ్యాణదుర్గం,
12 నవంబర్.

అక్కా,

నువ్వు నిజంగానే ముందు వరుసలో కూర్చున్నావు. నేను వేదిక మీద కంపెనీ ఆయన పక్కన కూర్చుని నీ వైపు చూడకుండా ఉండటానికి షామియానా గుంజలు చూస్తున్నాను. నువ్వు లేచినప్పుడు నన్ను తిడతావనుకున్నాను. నా పేరే ఎత్తలేదు. "అయ్యా, ఈ మందు కొట్టినోనికి కండ్లు తిరిగి వాంతులైతే ఇంట్లో ఉండే ఆడమనిషి ముందేం చెయ్యాల? అది చెప్పండి" అని అడిగావు. ఆయన నవ్వి, "అవ్వా, అన్నీ సీసా వెంట ఇచ్చే కాగితంలో ఉన్నాయి, కూర్చో" అన్నాడు. జనం కూడా నవ్వారు. నువ్వు కూర్చోలేదు. నా మొహం కూడా చూడకుండా వెళ్లిపోయావు. ఇక తమ్ముడు లేడనుకుని పోతున్నావని నాకు అర్థమైంది.

ఆ తర్వాత జరిగింది నీకు ఎవరైనా చెప్పే ఉంటారు. అయినా నా నోటితో చెప్పాలి.

మైకు లాక్కున్నాను. "నవ్వినోళ్లంతా ఒక్కసారి వెనక్కి చూడండప్పా" అన్నాను. "మా ఓబులేష్ ఆ గుంజ కాడ నిలబడినాడు. ఈ సీసా వానికిచ్చింది నేను. చేతులకు తొడుగులు ఇయ్యలేదు. వద్దు వద్దని తిప్పి పంపిన మా అక్క దొడ్లోకి అబద్ధం చెప్పి పంపినా. వాడు చావుదాకా పోయినాడు. మా అక్క అడిగిందానికి జవాబు కాగితంలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉండాది. నేను చెప్తా వినండి." బట్టలు తీసెయ్యాలని, సబ్బుతో ఒళ్లంతా కడగాలని, సీసా వెంట తీసుకుని ఆసుపత్రికి ఉరకాలని, నువ్వు చేసినదంతా వరసగా చెప్పాను. పూత మీద కొడితే తేనెటీగలు చస్తాయని, అవి చస్తే పిందె నిలవదని కూడా చెప్పాను.

ఎవరూ నవ్వలేదు. వెనక నుంచి ఒక పెద్దాయన లేచి, "పోయినేడు మా మనవడు ఇట్లే పడిపోయినాడప్పా. ఎండదెబ్బ అనుకొంటిమి" అన్నాడు. ఇంకొకరు లేచారు. ఆయన తర్వాత ఇంకొకరు. కంపెనీ ఆయన మైకు తీగ పీకేశాడు. తీగ లేకుండానే అరిచి చెప్పాను.

నిన్న వాళ్ల మనుషులు వచ్చి సరుకు తిరిగి తీసుకుపోయారు. అంగడి మీద వాళ్ల బోర్డు కూడా దించారు. నిచ్చెన నేనే ఇచ్చాను. వాళ్ల సరుకే నా అంగట్లో ఎక్కువ. ఇప్పుడు అరలు బోసిగా ఉన్నాయి. భయంగా ఉంది అక్కా, అబద్ధం చెప్పను. కానీ అన్నమాట వెనక్కి తీసుకోను. తీసుకుంటే మళ్లీ సరుకిస్తామని ఫోను చేశారు. నీలాగే మధ్యలో పెట్టేశాను.

గోవిందు


బెళుగుప్ప,
25 నవంబర్.

గోవిందూ,

నేను నీ మీద కోపంతో లేచి పోలేదు. నువ్వు గుంజలు చూస్తూ కూర్చుంటే నీకేం కనిపిస్తుంది? జనం నవ్వగానే వెనక నిలబడిన ఓబులేష్ భార్య మొహాన కొంగు కప్పుకుని బయటికి ఉరికింది. ఆమె వెనక పోయాను. పంచాయతీ ఆఫీసు గోడ పక్కన ఆమెను కూర్చోబెట్టి నీళ్లు తాగిస్తుంటే మైకులో నీ గొంతు వినిపించింది. ఆమె ఏడుపు ఆపేసింది. ఇద్దరం చివరిదాకా అక్కడి నుంచే విన్నాం. తీగ పీకేశాక కూడా విన్నాం. చిన్నప్పుడు బర్రెలను అదిలించే గొంతు నీది, మైకెందుకు?

భయంగా ఉందని రాశావు. ఉండనీ. నాకూ ఉంది. ఆ రోజు నలుగురూ నవ్వినప్పుడు కూర్చుందామనే అనిపించింది. బోర్డు దించుకుని పోతే పోనీ. గోడ నీది. ఆ అరల్లో ముందు వేపనూనె పెట్టు, తొడుగులు పెట్టు, ఈగల బుట్టలు పెట్టు. ఎవరూ అడగరని నువ్వే అనుకోకు. మీటింగు అయిన మరుసటి రోజు నుంచి మా గేటు దగ్గరికి జనం వస్తున్నారు. ఆ బుట్టలు యాడ దొరుకుతాయని అడుగుతున్నారు. నేను నీ అంగడి పేరే చెబుతున్నాను. కోపం ఉన్న రోజుల్లో కూడా అదే చెప్పేదాన్ని, మంచి వస్తువు కాబట్టి.

కాయలు కోశాం. అన్నీ చక్కగా రాలేదు. కొన్నిటికి ఈగ కుట్టిన చోట సొట్టలు పడ్డాయి, ఒకటి గోడ సందులో ఇరుక్కుని వంకరగా పెరిగింది. లోపల మాత్రం పసుపు ముద్దలా ఉన్నాయి. రెబెకా బెల్లం వేసి వండింది. పిల్లలు గిన్నెలు నాకేశారు. ఓబులేష్ వచ్చి తన చేత్తో వడ్డించాడు. గరిటె వణికింది. పిల్లలు గిన్నెలను గరిటె కిందికి జరిపి పట్టుకున్నారు, ఒక్క ముద్ద కింద పడనివ్వలేదు.

గేటు తాళం తీసేశాను. సుజాతను తీసుకుని రా. వచ్చేటప్పుడు ఏమీ తేవద్దు.

ఈ కవరులో గింజలు పెట్టాను. నీ అంగడి వెనక చెత్త వేసే జాగా శుభ్రం చేసి, కుండ పూడ్చి పెట్టు. పురుగు వస్తుంది. రానీ. పొద్దున్నే లేచి చేత్తో ఏరు.

అక్క